ఎండకు పెళుసెక్కే పొర: వ్యవసాయ ప్లాస్టిక్‌పై అతినీలలోహిత కిరణాల ప్రభావం

కృష్ణా డెల్టాలో వరి కోతలకూ తుఫానులకూ ఒకటే కాలం. నవంబరు, డిసెంబరు నెలల్లో పంట కళ్ళానికి చేరుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండాలు బలపడేదీ ఆ నెలల్లోనే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు, ఆరబోసిన ధాన్యానికి టార్పాలిన్ పట్టాకు మించిన రక్షణ లేకపోయింది. అటువంటి రోజున పట్టా మడతల వెంట చిట్లిపోతే, తప్పు ఆనాటి గాలివానది కాదు. అంతకుముందు వేసవిలో ఆ పట్టా భరించిన ఎండ అప్పటికే దాని లోపలి నిర్మాణాన్ని దెబ్బతీసి ఉంటుంది. పైకి రంగు కొద్దిగా వెలిసినట్లు కనిపించే పొరలో అణువుల గొలుసులు తెగిపోయి ఉంటాయి.

విజయవాడ పడమటి అంచున భవానీపురం మీదుగా హైదరాబాదు రహదారిపై సాగే లారీల సరుకును కప్పిన పట్టాలు, డాబాలపై కట్టిన షేడ్‌నెట్లు, నదికి ఇరువైపులా కూరగాయల బోదెలపై పరచిన మల్చింగ్ షీట్లు, పాలీహౌస్‌లపై పొరలు - ఇవన్నీ చాలావరకు పాలిథిన్‌తో తయారైనవే. అన్నింటి ఆయువునూ ప్రధానంగా నిర్ణయించేది సూర్యకాంతిలోని అతినీలలోహిత భాగమే. పొర ఎందుకు పెళుసెక్కుతుందో తెలిస్తే, ఏ పంటకు ఏ పొర సిఫారసు చేయాలో, దానిని పొలం నుంచి ఎప్పుడు తీయించాలో విస్తరణ శాస్త్రవేత్త నమ్మకంగా చెప్పగలడు.

కిరణం శక్తి, బంధం బలం

అతినీలలోహిత కిరణాలను తరంగదైర్ఘ్యాన్ని బట్టి మూడు తరగతులుగా విభజిస్తారు. 280 నానోమీటర్ల లోపు ఉన్న 'సి' కిరణాలను ఓజోన్ పొర పూర్తిగా అడ్డుకుంటుంది. 280 నుంచి 315 వరకు ఉన్న 'బి' కిరణాలలో కొంత భాగం, 315 నుంచి 400 వరకు ఉన్న 'ఎ' కిరణాలలో అధిక భాగం నేలకు చేరతాయి. భూమిని చేరే సౌరశక్తిలో అతినీలలోహిత కిరణాల వాటా దాదాపు 5 శాతమే. అయినా ప్లాస్టిక్‌కు జరిగే హానిలో సింహభాగం ఆ 5 శాతానిదే.

దీనికి కారణం సులువైన లెక్కలో దొరుకుతుంది. 400 నానోమీటర్ల కిరణం మోల్‌కు దాదాపు 300 కిలోజౌళ్ళ శక్తిని, 300 నానోమీటర్ల కిరణం దాదాపు 400 కిలోజౌళ్ళ శక్తిని మోసుకొస్తాయి. పాలిథిన్ వెన్నెముక అయిన కర్బన-కర్బన బంధం తెగడానికి దాదాపు 350 కిలోజౌళ్ళు కావాలి. అంటే సుమారు 340 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం గల కిరణానికి ఆ బంధాన్ని తెంచేంత శక్తి ఉంది. మన కంటికి కనిపించే వెలుగుకు లేదు.

అయితే శక్తి ఉన్నంత మాత్రాన పని జరగదు. కిరణాన్ని ముందు పదార్థం గ్రహించాలి. కర్బన, ఉదజని పరమాణువులు తప్ప మరేమీ లేని స్వచ్ఛమైన పాలిథిన్ నేలకు చేరే కిరణాలను దాదాపుగా గ్రహించదు. సిద్ధాంతరీత్యా అది ఎండకు చెక్కుచెదరకూడదు. వాస్తవంలో అంత స్వచ్ఛమైన పాలిథిన్ ఎక్కడా దొరకదు. ఉత్ప్రేరకాల అవశేషాలు, గొలుసు మధ్యలో మిగిలిన ద్విబంధాలు, ముద్దను కరిగించి పొరగా ఊదేటప్పుడు వేడికీ గాలికీ ఏర్పడిన కార్బొనిల్, హైడ్రోపెరాక్సైడ్ సమూహాలు అందులో ఉంటాయి. కిరణాలను పట్టుకునేవి ఇవే. మన్నికకు సంబంధించిన లోపం పొలంలో కంటే ముందు కర్మాగారంలోనే మొదలవుతుందన్నమాట. పదేపదే కరిగించిన పునర్వినియోగ ప్లాస్టిక్ కలిపిన పొరలు త్వరగా పాడవడానికి ముఖ్యకారణం కూడా ఇదే.

గొలుసు తెగే తీరు

కిరణాన్ని గ్రహించిన సమూహం విడిపోయి స్వేచ్ఛా రాడికల్‌ను పుట్టిస్తుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పెరాక్సీ రాడికల్ అవుతుంది. ఆ పెరాక్సీ రాడికల్ పక్క గొలుసు నుంచి ఒక ఉదజని పరమాణువును లాక్కుని హైడ్రోపెరాక్సైడ్‌గా మారుతుంది. ఉదజనిని కోల్పోయిన గొలుసు కొత్త రాడికల్‌గా మిగులుతుంది. హైడ్రోపెరాక్సైడ్‌లోని ఆక్సిజన్-ఆక్సిజన్ బంధం చాలా బలహీనం. కాంతికీ వేడికీ అది చీలి మరో రెండు రాడికల్స్‌ను ఇస్తుంది. ఒక నిప్పురవ్వతో మొదలైన మంట గడ్డివామి అంతటా పాకినట్లు ఈ చర్య తనను తానే పెంచుకుంటూ పోతుంది.

ఈ క్రమంలో పోగయ్యే కీటోన్ సమూహాలు నోరిష్ చర్యలు అనే రెండు మార్గాలలో గొలుసును తెంపుతాయి. మొదటి మార్గంలో కార్బొనిల్ పక్కనున్న బంధం తెగి రెండు రాడికల్స్ ఏర్పడతాయి. రెండవ మార్గంలో రాడికల్స్ ప్రమేయం లేకుండానే గొలుసు రెండు ముక్కలై, ఒక ముక్క చివర ద్విబంధం మిగులుతుంది. పరారుణ వర్ణపట పరీక్షలో 1,715 తరంగ సంఖ్య దగ్గర కనిపించే శిఖరం కార్బొనిల్‌నూ, 909 దగ్గర కనిపించేది ఈ ద్విబంధాన్నీ తెలుపుతాయి. మొదటి శిఖరాన్ని పొరలో మార్పు చెందని మరొక శిఖరంతో పోల్చి లెక్కించే నిష్పత్తినే కార్బొనిల్ సూచిక అంటారు. పొర వయసును చెప్పడానికి పరిశోధకులు విరివిగా వాడే కొలమానం ఇదే.

పెళుసుదనానికి మూలం

పాలిథిన్‌లో గొలుసులు కొన్నిచోట్ల పొందికగా మడతలు పడి స్ఫటికాలుగా, మిగతా చోట్ల చిక్కుపడి అస్ఫటికంగా ఉంటాయి. ఒక స్ఫటికంలో మొదలై, అస్ఫటిక ప్రాంతాన్ని దాటి, మరో స్ఫటికంలో ముగిసే గొలుసులు కొన్ని ఉంటాయి. ఇటుకలను పట్టి ఉంచే సున్నంలా స్ఫటికాలను కలిపి ఉంచేవి ఇవే. పొరను లాగినప్పుడు అది తెగకుండా సాగడం ఈ కట్టుగొలుసుల పుణ్యమే.

ఆక్సిజన్ స్ఫటికాలలోకి దాదాపుగా చొరబడలేదు. కాబట్టి దాడి అంతా అస్ఫటిక ప్రాంతంపైనే, అంటే కట్టుగొలుసులపైనే కేంద్రీకృతమవుతుంది. మొత్తం బంధాలలో అతి కొద్ది తెగినా, అవి ఈ కీలక స్థానాలలో తెగుతాయి కనుక పొర బలం కుప్పకూలుతుంది. పైగా తెగి పొట్టివైన గొలుసులకు కదిలే స్వేచ్ఛ పెరిగి, అవి వెళ్ళి పక్క స్ఫటికాలలో చేరతాయి. దీనివల్ల స్ఫటికాంశం, సాంద్రత పెరుగుతాయి. ఉపరితలం కుంచించుకుని సన్నని పగుళ్ళు తేలుతాయి. ఎండిన పొర గట్టిపడినట్లు చేతికి తగలడానికి కారణం ఇదే. ఆ గట్టిదనాన్ని బలమని పొరబడకూడదు.

మందపాటి వస్తువులో ఈ నష్టం పైపొరకే పరిమితం కావచ్చు. 25 మైక్రాన్ల మల్చింగ్ షీటులో 'లోపలి భాగం' అంటూ ఏదీ ఉండదు. ఆక్సిజన్ మొత్తం మందంలోకి సులువుగా చేరుతుంది. అందుకే పలుచని పొర మన్నిక మందంతో పాటు తగ్గడమే కాదు, అంతకంటే వేగంగా తగ్గుతుంది.

విజయవాడ ఎండ లెక్క

విజయవాడ సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారం చివర మరొకసారి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు కిరణాలు వాతావరణంలో అతి తక్కువ దూరం ప్రయాణించి నేలను చేరతాయి కనుక 'బి' కిరణాల పాలు పెరుగుతుంది. ఆగస్టులో మబ్బులు కొంత అడ్డుపడతాయి. మే నెలలో ఆ అడ్డు కూడా ఉండదు.

ఇక్కడ చదరపు మీటరుకు రోజుకు సగటున సుమారు 5 యూనిట్ల సౌరశక్తి అందుతుందనుకుంటే ఏడాదికి దాదాపు 1,800 యూనిట్లు. లండనులో అది సుమారు 1,000. పొరల తయారీదారులు వాడే కిలోలాంగ్లీ కొలతలో చెబితే ఇక్కడ ఏడాదికి సుమారు 155, అక్కడ సుమారు 86. అక్కడ రెండేళ్ళు మన్నే పొరకు అందే మొత్తం కాంతి మోతాదును మన డెల్టా 13 నెలల్లోనే అందిస్తుంది. దీనికి మన ఉష్ణోగ్రత తోడైతే ఆ 13 నెలలు కూడా నిలవకపోవచ్చు. కనుక 'రెండేళ్ళ హామీ' అనే మాట ఒక్కటే చాలదు. ఆ హామీ ఎన్ని కిలోలాంగ్లీలకు, ఏ ప్రాంతపు ఎండకు ఇచ్చారో అడిగి తెలుసుకోవాలి.

రక్షణ పదార్థాలు, వాటి శత్రువులు

పొరను కాపాడే పదార్థాలు మూడు విధాలుగా పనిచేస్తాయి. కార్బన్ బ్లాక్ అన్నింటికంటే పాతది, చవకైనది, నమ్మదగినది. బరువులో 2 నుంచి 3 శాతం, ముద్దలు కట్టకుండా సమంగా కలిస్తే కిరణాలను పై అంచులోనే మింగేస్తుంది. డ్రిప్ లేటరల్ పైపులు నల్లగా ఉండేది ఇందుకే. పారదర్శకంగా ఉండవలసిన పాలీహౌస్ పొరలలో బెంజోఫినోన్, బెంజోట్రయజోల్ వంటి శోషకాలను వాడతారు. ఇవి కిరణశక్తిని వేడిగా మార్చి వదిలేస్తాయి. మూడవ తరగతి 'హాల్స్' అని పిలిచే అమైన్ పదార్థాలు. ఇవి కిరణాన్ని ఆపవు. పుట్టిన రాడికల్స్‌ను పట్టి నిర్వీర్యం చేసి, తిరిగి పూర్వరూపానికి వచ్చి మళ్ళీ పనిచేస్తాయి. అందుకే తక్కువ మోతాదుతోనే ఎక్కువ కాలం కాపలా కాస్తాయి.

హాల్స్‌కు క్షారగుణం ఉంది. గంధకం, క్లోరిన్ ఉన్న మందుల అవశేషాల నుంచి ఏర్పడే ఆమ్లాలు వాటిని తటస్థం చేస్తాయి. పాలీహౌస్‌లో బూడిద తెగులుకు గంధకం పొగ పెట్టినా, నీటిలో కరిగే గంధకాన్ని పదేపదే పిచికారీ చేసినా పొర ఆయువు తగ్గుతుంది. మందును సిఫారసు చేసేటప్పుడు తెగులుతో పాటు పైనున్న పొరను కూడా దృష్టిలో ఉంచుకోవాలి. పొర కొనేటప్పుడు గంధకాన్ని తట్టుకునే రకమా కాదా అని అడగాలి.

రెండవ శత్రువు ఇనుము. పాలీహౌస్‌లో పొర ముందుగా చిరిగేది గాల్వనైజ్డ్ పైపులను ఆనుకున్న చోటనే. ఎండకు కాగిన పైపు అక్కడ ఆక్సీకరణ వేగాన్ని పెంచుతుంది. పైపుల పైభాగానికి తెల్లరంగు వేయడం లేదా తెల్లటి ఇన్సులేషన్ పట్టీ చుట్టడం తక్కువ ఖర్చుతో అయ్యే నివారణ.

మరో విషయం గమనించాలి. రక్షణ పదార్థం ఉన్నంత కాలం పొర బలం పెద్దగా తగ్గదు. అది అయిపోయిన తర్వాత పతనం హఠాత్తుగా వస్తుంది. నిన్నటి వరకు బాగున్న పట్టా ఈ రోజు చేతిలో పొడిపొడిగా రాలిందని రైతు చెబితే అది అతిశయోక్తి కాదు. కంటిచూపుతో పొర ఆయువును అంచనా వేయడం కుదరదు.

అతినీలలోహిత కిరణాలను ఆపే పొరకు పంటపై కూడా ప్రభావం ఉంటుంది. తెల్లదోమ, తామరపురుగులు దిశను గుర్తించడానికి ఈ కిరణాలపై ఆధారపడతాయి. వాటిని అడ్డుకునే పొరల కింద ఈ పురుగుల తాకిడి, అవి మోసే వైరస్ తెగుళ్ళు తగ్గుతాయని ఇజ్రాయెల్‌లో 1990ల నుంచి జరిగిన పరిశోధనలు చూపాయి. అయితే తేనెటీగల సంచారం మందగించవచ్చు, ఊదారంగునిచ్చే ఆంథోసయనిన్లు కొన్ని పంటలలో తగ్గవచ్చు. వంగ, ఎరుపు లెట్యూస్ వంటి పంటలలో ఈ సంగతి చూసుకోవాలి.

మల్చింగ్ షీటును తీసే రోజు

పాలీహౌస్ పొర చిరిగితే రైతుకు డబ్బు నష్టం. మల్చింగ్ షీటు చిరిగితే నష్టపోయేది నేల. అందుకే ఈ విషయానికి ప్రత్యేక శ్రద్ధ అవసరం.

షీటు మన్నికను మనం సాధారణంగా 'పంట అయ్యే వరకు ఉంటే చాలు' అని లెక్కిస్తాం. ఈ లెక్కను మార్చుకోవలసి ఉంది. పంట చివర షీటు ఉండటం చాలదు. పట్టి లాగితే ఒకే ముక్కగా లేచి వచ్చేంత సాగుడుగుణం దానిలో మిగిలి ఉండాలి. బోదెపై పరచిన షీటులో మూడు రకాల ప్రాంతాలు ఉంటాయి. ఎండకు నేరుగా గురయ్యే భాగం, మొక్కల గుబురు నీడలో ఉండే భాగం, మట్టిలో పూడ్చిన అంచులు. అంచులకు కిరణాలు అందవు కనుక అవి కొత్తవాటిలా గట్టిగా ఉంటాయి. పైభాగం పెళుసెక్కుతుంది. లాగినప్పుడు రెండింటి సరిహద్దు అయిన నేలమట్టం వద్ద షీటు తెగుతుంది. పైభాగం చేతికి వస్తుంది, పూడ్చిన అంచులు మట్టిలోనే ఉండిపోతాయి. తర్వాత దున్నినప్పుడు అవి ముక్కలై సాలులో కలుస్తాయి.

మట్టిలోకి చేరిన ముక్కకు ఇక ఎండ తగలదు. దానిని క్షీణింపజేసే ప్రధాన శక్తి అక్కడితో ఆగిపోతుంది. సూర్యకాంతి మొదలుపెట్టిన పనిని మట్టిలోని సూక్ష్మజీవులు మన జీవితకాలంలో పూర్తి చేయలేవు.

ఒక లెక్క వేద్దాం. పాలిథిన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.92 గ్రాములు. 25 మైక్రాన్ల షీటు చదరపు మీటరుకు 23 గ్రాములు తూగుతుంది. ఎకరం విస్తీర్ణంలో సగం కప్పితే సుమారు 46 కిలోలు. అందులో పదో వంతు నేలలో మిగిలినా పంటకు 4.6 కిలోలు. పది పంటలకు ఒక పూర్తి షీటు ఆ ఎకరం మట్టిలో ఉన్నట్లే. ఇటువంటి అవశేషాలు నీరు ఇంకడాన్ని, వేర్ల వ్యాప్తిని అడ్డుకుంటాయని చైనాలోని షింజియాంగ్ పత్తి పొలాలు చూపాయి. అక్కడ దీర్ఘకాలం అతి పలుచని పొరలు వాడారు. చివరకు చైనా తన 2017 జాతీయ ప్రమాణంలో కనీస మందాన్ని 8 మైక్రాన్ల నుంచి 10 మైక్రాన్లకు పెంచవలసి వచ్చింది. పంట తర్వాత పొరను తిరిగి ఏరుకోవడం సాధ్యం కావాలన్నది ఆ మార్పు వెనుక ఉన్న ముఖ్య ఉద్దేశం.

మన డెల్టాకు ఇంకొక ముప్పు ఉంది. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వెళ్ళింది. అటువంటి వరద పొలాల మీదుగా పారినప్పుడు మట్టిలోని తేలికపాటి ముక్కలు కాలువలకూ సముద్రానికీ చేరతాయి.

ఖర్చు కలిసొస్తుందని ఒకే షీటుపై రెండో పంట వేయడం పలుచోట్ల కనిపిస్తుంది. ఆర్థికంగా అది సబబైన ఆలోచనే. అయితే దాదాపు మూడు నెలల పుచ్చకు, ఆరు ఏడు నెలలు నిలిచే మిరపకు, ఏడాది దాటే అరటికి ఒకే షీటును సిఫారసు చేయడం సరికాదు. రెండో పంట ఆలోచన ఉన్న రైతుకు మొదటనే 30 మైక్రాన్లు, స్థిరీకరణ పదార్థం కలిపిన షీటును సూచించాలి. మొదటి పంట తర్వాత పరీక్షించి, బలం తగ్గితే వెంటనే తీయించాలి. వేసవిలో ఖాళీ బోదెలపై షీటును ఎండకు వదిలేయడం అన్నింటికంటే నష్టదాయకం. నీడనిచ్చే మొక్క లేని ఆ రెండు నెలలు దాని ఆయువును వేగంగా హరిస్తాయి.

'తనంతట తానే కరిగిపోయే' పొరలు

ఈ మాటతో అమ్ముడయ్యే పొరలు రెండు రకాలు. కోబాల్టు, మాంగనీసు లవణాలు కలిపి ఆక్సీకరణను వేగవంతం చేసిన పాలిథిన్ మొదటిది. అది కంటికి కనిపించని ముక్కలుగా విడిపోతుందే గాని, మట్టిలో పూర్తిగా జీర్ణం కావడం నిర్ధారితం కాలేదు. యూరోపియన్ యూనియన్ 2019 నాటి ఆదేశంతో ఇటువంటి ఉత్పత్తులను నిషేధించింది. రెండవది పి.బి.ఎ.టి., పిండిపదార్థం వంటి వాటితో తయారయ్యే జీవక్షయ పొర. దీనికి యూరప్‌లో ఇ.ఎన్. 17033 అనే ప్రమాణం ఉంది. నేలలో రెండేళ్ళలోపు కనీసం 90 శాతం కర్బనం బొగ్గుపులుసు వాయువుగా మారాలన్నది అందులోని నిబంధన. అయితే పి.బి.ఎ.టి.పై కూడా ఎండ ప్రభావం ఉంటుంది. అతినీలలోహిత కిరణాలకు దాని గొలుసులు తెగడంతో పాటు ఒకదానికొకటి అడ్డంగా అతుక్కుని, తర్వాత మట్టిలో జీర్ణం కావడం మందగించవచ్చు. కనుక చలిదేశపు ఫలితాన్ని మన ఎండకు యథాతథంగా అన్వయించలేము.

పొలం గట్టున చేయదగిన పరీక్షలు

ప్రయోగశాలలో జినాన్ దీపంతో, ఫ్లోరసెంట్ అతినీలలోహిత దీపాలతో ఐ.ఎస్.ఓ. 4892 పద్ధతిలో పరీక్షలు చేస్తారు. విజయవాడ సమీపంలోని సూరంపల్లిలో సీపెట్ సంస్థ ఉండటం ఈ ప్రాంత పరిశోధకులకు అనుకూలం. అయితే కృషి విజ్ఞాన కేంద్రంలో స్కేలు, కత్తెర, చిన్న తూకం ఉన్నా కొంత పని జరుగుతుంది.

మందం తెలుసుకోవడానికి ఒక చదరపు మీటరు షీటును కత్తిరించి గ్రాములలో తూచి, 0.92తో భాగిస్తే మైక్రాన్లు వస్తాయి. 23 గ్రాములైతే 25 మైక్రాన్లు. 18.4 గ్రాములే తూగితే 20 మైక్రాన్లే. రంగు పదార్థాల వల్ల చిన్న తేడా రావచ్చు గాని, మోసం బయటపడటానికి ఈ లెక్క చాలు.

మన్నిక కోసం, కొత్త చుట్ట నుంచి ఒక మీటరు ముక్కను కత్తిరించి, తేదీ రాసి, నల్లని కవరులో చుట్టి బీరువాలో భద్రపరచాలి. తర్వాత నెలనెలా ఎండ తగిలే భాగం, నీడలోని భాగం, పూడ్చిన అంచుల నుంచి సెంటీమీటరు వెడల్పు పట్టీలను నిలువుగానూ అడ్డంగానూ ఐదేసి చొప్పున తీయాలి. మధ్యలో 5 సెంటీమీటర్ల దూరంలో రెండు గీతలు పెట్టి, నెమ్మదిగా సాగదీసి, తెగే సమయంలో గీతల మధ్య దూరం కొలవాలి. ఉదాహరణకు కొత్త పట్టీ 20 సెంటీమీటర్ల దాకా సాగితే సాగుడు 300 శాతం. వాడినది 10 సెంటీమీటర్ల వద్దనే తెగితే 100 శాతం. అంటే మూడో వంతే మిగిలింది. సాగుడుగుణం మొదటి విలువలో సగానికి పడిపోతే పొర ఆయువు తీరినట్లేనని సాధారణంగా పరిగణిస్తారు. మల్చింగ్ షీటు విషయంలో ఆ దశకు చేరకముందే తీయించడం మంచిది.

కొనుగోలులో ప్రమాణాల ముద్ర చూడటం అలవాటు చేయాలి. పాలీహౌస్ పొరలకు ఐ.ఎస్. 15827, అధిక సాంద్రత పాలిథిన్ నేత టార్పాలిన్లకు ఐ.ఎస్. 7903, నీటి కుంటల లైనింగుకు వాడే నేత పొరలకు ఐ.ఎస్. 15351 ఉన్నాయి. టార్పాలిన్‌ను ధాన్యం ఆరిన వెంటనే దులిపి, మడిచి, నీడలో పెట్టుకోమని ప్రతి రైతుకూ చెప్పాలి. వేసవి అంతా డాబాపై పరచి ఉంచిన పట్టా డిసెంబరు తుఫానుకు పనికిరాదు.

స్నాతకోత్తర విద్యార్థులకు ఇక్కడ మంచి పరిశోధనాంశం ఉంది. మన డెల్టా ఎండలో, మన పంటల నీడలో, మనం వాడే మందుల మధ్య ఏ పొర ఎన్ని నెలలకు సగం సాగుడుగుణాన్ని కోల్పోతుందో పంటవారీగా కొలిచి పట్టిక తయారు చేయాలి. అటువంటి పట్టిక చేతిలో ఉంటే, విస్తరణ శాస్త్రవేత్త షీటు పరిచే రోజుతో పాటు దానిని తీయవలసిన తేదీని కూడా సిఫారసు పత్రంలో రాయగలడు. ఆ తేదీ రాయని సిఫారసును అసంపూర్ణమైనదిగానే భావించాలి.